మునిగిన మనిషిగా మా అవ్వ

పోయిన నెల మా ఊరి బడికి ఒక రబ్బరు బొమ్మను తెచ్చారు. నడుము దాకా ఉంటుంది. కాళ్లూ చేతులూ ఉండవు, నోరు కొంచెం తెరిచి ఉంటుంది. రాయచూరు నుంచి జీపులో వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు ఆ బొమ్మను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి ఆగిన మనిషికి ఏం చేయాలో ఊరివాళ్లకు నేర్పించారు. ఎద మీద రెండు చేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి గట్టిగా ఒత్తాలట. ఊళ్లో లెక్కలు తెలిసిన మనిషినని నన్ను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మర్యాదగా కూర్చోవలసినదాన్నే. కానీ వాళ్లలో ఒకడు బొమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చాలా విచారంగా ముఖం పెట్టి, "అందరూ చూడండి, ఈయన పలకడం లేదు" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. నోరు మూసుకుంటే ముక్కులోంచి వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంటే భుజాలు ఊగాయి. ఈ వయసులో ఇలాంటి నవ్వు వస్తే పక్కవాళ్లు మంచినీళ్లు తెస్తారు. నాకూ తెచ్చారు. వాళ్లకు దొరికిన మనిషి ఎంత నెమ్మదైన మనిషో కదా అని నేను నవ్వుకున్నాను. తిట్టదు, మధ్యలో లేచి వక్క నమలదు, ఇంకొంచెం కిందికి ఒత్తమని అడగదు. మా కాలంలో మాకు బొమ్మ లేదు, మా అవ్వ ఉండేది.

మా ఊరు బాళగనూరు దాటాక, తుంగభద్ర ఎడమ కాలువను ఆనుకుని ఉంటుంది. ఆనుకుని అంటున్నాను గానీ ఊరు ముందు, కాలువ తర్వాత. కాలువ రాకముందు మాది జొన్నల ఊరు. నీళ్లంటే చేదబావి అడుగున కనిపించే ఆకాశం ముక్క. ఆ నీళ్లు మనిషి దగ్గరికి రావు, మనిషే తాడు వేసి వాటిని పైకి లాక్కోవాలి. అలాంటి ఊరి పక్కకు ఒకనాడు ఏనుగుల మందలాగా నీళ్లు వచ్చాయి. ఆడవాళ్లు పసుపూ కుంకుమా చల్లి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, ఇళ్లకు వెళ్లి తలుపులు వేసుకుని భయపడ్డారు. ఎందుకంటే మా ఊళ్లో ఈత వచ్చినవాళ్లు లేరు. నేను పెంచి చెప్పే మనిషిని కాను. నలుగురున్న చోట నలభై అని నా నోట రాదు. తక్కువ మంది అనడం లేదు, లేరు అనే అంటున్నాను. బర్రెలకు మాత్రం వచ్చు. భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి, కాలువ అవతల క్యాంపు వేసుకున్నవాళ్లు పిల్లాపాపలతో సహా చేపల్లాగా ఈదేవాళ్లు. మావాళ్లు గట్టు మీద నిలబడి, పులితో ఆడుకునేవాళ్లను చూసినట్టు వాళ్లను చూసేవాళ్లు.

నాన్న హట్టి బంగారు గనిలో షిఫ్టు పని చేసేవాడు, అమ్మ ఆయనకు వండిపెట్టడానికి అక్కడే ఉండేది. ఊళ్లో ఇంటికి పెద్ద మా అవ్వ, నాన్నకు తల్లి. ఆమె కాక మా అన్న తిమ్మప్ప, వదిన హనుమక్క, నేను. పొద్దున్నే వదిన రొట్టె తట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. ఆమె అరచేతి కింద జొన్నపిండి గిర్రున తిరుగుతూ పెద్దదవుతుంటే, పత్తికట్టె పొగ, పెనం మీద మాడిన పిండి, రోట్లో అప్పుడే నూరిన గురెళ్ల కారం, ఈ మూడు వాసనలూ కలిసి ఒక దుప్పటిలాగా మా మీద పరుచుకునేవి. అవ్వ లేవడం వేరే కార్యక్రమం. ఆమెకు నడుము నొప్పి. లేస్తూ ముందు నడుమును తిట్టేది, తర్వాత చాపను తిట్టేది, ఆ తర్వాత, చనిపోయి ఎన్నో ఏళ్లయిన మా తాతను తిట్టేది. ఆ వరుస ఎన్నడూ మారలేదు. తాత వంతు వచ్చిందంటే అవ్వ నిలబడిందని అర్థం, వదిన పెనం మీద ఆమె రొట్టె వేసేది.

అన్న కాలువ మీద లస్కర్. అంటే గట్టు వెంబడి నడుచుకుంటూ పోయి, తూముల తలుపులు ఎత్తడం, దించడం, చెత్త అడ్డం పడితే లాగేయడం. ఖాకీ చొక్కా ఇచ్చారు, చేతికర్ర ఇచ్చారు, ఈత మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పొద్దంతా నీళ్ల అంచున నడిచే మనిషి మోకాలి లోతు దాటితే వెనక్కి వచ్చేసేవాడు. నేను చెబుతున్న రోజులకు ముందు ఏడాది పక్క ఊరి లస్కర్ తూము దగ్గర జారిపోయాడు. బయటికి తీసి, అప్పట్లో అందరూ చేసినట్టే, కుమ్మరి సారె మీద బోర్లా వేసి తిప్పారు. నీళ్లు బయటికి వచ్చాయి, ఊపిరి రాలేదు. వదిన ఆ రోజు అక్కడే ఉంది. అప్పటి నుంచి అన్న రొట్టె మూట తీసుకుని గడప దాటితే చాలు, ఆమె ఒళ్లు ఇంట్లో ఉండేది, చెవులు కాలువ గట్టు మీద ఉండేవి. "ఈ ఉద్యోగం ఇడిసిపెట్టు" అని ఆమె ఎన్నడూ అనలేదు. నెలకింత అని చేతికి వచ్చే జీతం మా ఊళ్లో వేరే ఎవరికీ లేదు. ఆయన జారితే తాను ఏం చేయాలి అన్న ఒక్కటే ఆమె బాధ.

ఆ రోజుల్లోనే దవాఖానక్క రావడం మొదలుపెట్టింది. ఆమె పేరు అందరికీ తెలుసు గానీ ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. కన్నడం మనిషి, బక్కగా, పొడుగ్గా ఉండేది. సంతరోజున బస్సు దిగి, గొడుగు వేసుకుని, దవాఖానా వాసన వేసే సంచితో వచ్చేది. కాలిన చోట పేడ పూయవద్దు, పాము కరిస్తే కోయవద్దు, ఇలాంటివి సగం కన్నడం సగం తెలుగులో చెప్పేది. ఒక సంతరోజు ఆమె చావడిలో నిలబడి, నీళ్లలో మునిగిన మనిషికి మళ్లీ ఊపిరి తెప్పించడం నేర్పిస్తానంది. "ఉసిరు ఆగినా ప్రాణం కొంచెం హొత్తు, కొంచెం సేపు లోపల్నే ఉంటదమ్మా. ఆ హొత్తులో మనం చెయ్యాల." వదిన జనాన్ని నెట్టుకుంటూ ముందుకు వచ్చేసింది. ఆమె అలా నెట్టడం నేను అదే మొదటిసారి చూశాను.

"సరే, ఇప్పుడు ఎవరన్నా ఒకరు బోర్లా పండుకోండి" అంది దవాఖానక్క.

చావడి ఖాళీ అయిపోయిందనిపించింది. నిజానికి ఎవరూ కదల్లేదు, ఊపిరి మాత్రం బిగబట్టారు. కళ్లు మూసుకుని నేల మీద పడుకోవడం, చుట్టూ ఊరంతా నిలబడి చూడడం, మా వైపు అలాంటి పడక ఒక్కటే ఉంటుంది. దాన్ని బతికుండగా ఆడించి చూపించమంటే ఎవరు ఒప్పుకుంటారు?

"ఏందమ్మా, మంచిగున్నోళ్లను పీనుగ లెక్క పండుకోమంటవా?" అంది మా అవ్వ, స్తంభానికి ఆనుకుని. "యముడు గీ దారెంట పోతుంటే, ఓహో ఈడ ఒకటి తయారున్నదని ఎత్తుకపోడా? హనుమీ, ఇంటికి నడువు."

"అవ్వా, జర నిలబడు. అక్క జెప్పేది ఇననియ్యి."

"ఈ పిసుకుడేం అక్కరలేదు" అన్నాడు కుమ్మరి సాయన్న. ఆయన సారె మీదే మునిగినవాళ్లను తిప్పేవాళ్లు గనుక, ఈ విషయంలో ఊళ్లో ఆయనే పెద్ద డాక్టరు. "నా సారె ఉండంగ గీ తమాషా ఎందుకు? ముగ్గుర్ని బతికిచ్చిన నేను."

అవ్వ అటు తిరిగింది. "ఎవర్రా ఆ ముగ్గురు? ఒకడేమో మునగనే లేదు, కల్లు తాగి గట్టు మీద పడ్డడు. ఇంకోటేమో మేకపిల్ల. మూడోది ఎవరో జెప్పు."

జనం నవ్వారు. ఆ నవ్వులో దవాఖానక్క గొడుగు పక్కన పెట్టి, కొంగు బిగించి, గోనెపట్టా పరిచి, తానే బోర్లా పడుకుంది! తెల్లచీర మనిషి, సర్కారు ఉద్యోగి, మా చావడి నేల మీద. పడుకున్న చోటి నుంచే వదినకు ఎలా కూర్చోవాలో చెప్పింది. తలను ఒక పక్కకు తిప్పాలి. తొడల మీదుగా అటొక మోకాలు ఇటొక మోకాలు వేసి కూర్చోవాలి. అరచేతులు నడుముకు కొంచెం పైన, కింది పక్కటెముకల మీద పెట్టి, ముందుకు వంగి బరువు వేయాలి, మళ్లీ వెనక్కి వచ్చి వదలాలి. వదినవి రొట్టె తట్టే చేతులు. ఒకసారి ఒత్తింది, రెండోసారి ఒత్తింది. కింద నుంచి దవాఖానక్క హాయిగా మూలిగింది.

అవ్వ స్తంభాన్ని వదిలి దగ్గరికి వచ్చింది. వంగలేక వంగి అడిగింది: "నడుముకు ఎట్లుంటది?"

"భాళ చలో, శానా బాగుంటది అజ్జీ!"

అవ్వ యముణ్ణి ఒక తట్టలో, నడుమును ఒక తట్టలో వేసి తూచినట్టుంది. తర్వాత, "లెవ్వు పిల్లా, నేను పండుకుంట" అంది.

అలా మా అవ్వ మునిగింది. ఆ తర్వాత సంతరోజుకు ఊళ్లో నడుము నొప్పి ఉన్న ముసలివాళ్లంతా మునగడానికి చావడి ముందు వరుస కట్టారు. చూసినవాళ్లు ఇప్పటికీ ఊరంతా వచ్చిందంటారు. నా అంచనాకు ఊళ్లో సగం. మిగిలిన సగం కిటికీల్లోంచి, మిద్దెల మీద నుంచి చూశారు. మునిగేవాళ్లు ఎక్కువైతే బతికించేవాళ్లూ కావాలి కదా, దానికి కోడళ్లు ఎగబడ్డారు. అత్తను బోర్లా పడేసి మీద ఎక్కి కూర్చుని ఒంట్లో ఉన్న బలమంతా వేసి ఒత్తే పని, అదీ సర్కారు తరఫున, ఏ కోడలికి దొరుకుతుంది? "మెల్లగనే, నీ శెయ్యి ఇరగ, ఇది నడుమా బట్టలుతికే బండనా?" అని కింద నుంచి అత్తలు అరుస్తుంటే, "అత్తా, నీకు తెలివి లేదు, మాట్లాడగూడదు" అని పైనుంచి కోడళ్లు చెప్పేవాళ్లు. మూర్ఛలో ఉన్నావనే అర్థం అది, కానీ చెప్పే తీరు వేరుగా ఉండేది. దవాఖానక్క నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకునేది.

ఆమెకు కష్టమంతా మా అవ్వతోనే. "అజ్జీ, మీరు నీళ్లలో మునిగినారు. మాట్లాడవద్దు."

"మునిగితే మునిగిన, నడుము నాదే గదా! హనుమీ, ఇంకొంచెం కిందికి. ఆఁ, గాడ్నే. బంగారు తల్లి."

ఇంకొక చిక్కు ఉండేది. ఒత్తడం, వదలడం, ఈ రెండూ ఊపిరి తీసినంత నిదానంగా జరగాలి. దవాఖానక్క గడియారం చూసి చేయిస్తే బాగానే ఉండేది, ఆమె పక్కకు తిరిగితే మావాళ్లు వడ్లు దంచే ఊపులోకి వెళ్లిపోయేవాళ్లు. ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టమంటే ఇంకా తొందరపడేవాళ్లు. అప్పుడు నేను నోరు తెరిచాను. నేను బడికి పోలేదు, నా లెక్కలన్నీ కల్లంలో నేర్చినవి. కల్లంలో శేరుతో గింజలు కొలిచేటప్పుడు మొదటి శేరును ఒకటి అనరు, లాభం అంటారు. అదీ ఒక్కసారి అని ఊరుకోరు. శేరు నింపి, గీసి, గోనెలో పోసే దాకా లెక్క మరిచిపోకుండా ఆ మాటనే సాగదీస్తూ ఉంటారు: "లాభమే... లాభం. రెండే... రెండు." నింపేటప్పుడు ఒకసారి, పోసేటప్పుడు ఒకసారి. నేను అలా పాడాను, వదిన దానికి ఒత్తింది. దవాఖానక్క గడియారం చూసింది, నన్ను చూసింది, మళ్లీ గడియారం చూసింది. "ఇదే! ఇదే బేకు! ఇదే కావాల!" అని నా రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది. ఆ రోజు నుంచి చావడిలో నేను గింజలు లేని కొలత కొలిచేదాన్ని. చెప్పుకుంటే సిగ్గు గానీ, రాత్రి పడుకున్నాక కూడా నవ్వుకునేదాన్ని.

అన్నీ నేర్చారు, ఒక్కటి తప్ప. మనిషిని బయటికి తీయగానే ముందు భుజం తట్టి, పేరు పెట్టి గట్టిగా పిలవాలి, తెలివి ఉందో లేదో చూడాలి. ముసలివాళ్లతో అది సులువు. అవ్వా అంటాం, అత్తా అంటాం. "ఇప్పుడు మీ యజమాని మునిగినాడు అనుకోండి. పిలవండి" అంది దవాఖానక్క. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె, "ఓ గంగి నాయనా!" అంది. "చెవుల నిండా నీళ్లున్నవానికి గంగి ఎవరో, నాయన ఎవరో ఎట్ల తెలస్తది? పేరు చెప్పు." ఆమె పారిపోయి అత్త వెనక దాక్కుంది.

మా వదిన సంగతి మరీ. అన్న పేరు తిమ్మప్ప గనుక, తిమ్మప్ప దేవుణ్ణి కూడా ఆమె కొండదేవుడు అనేది. ఊళ్లో నూనె గానుగ ఆయన పేరు కూడా తిమ్మప్పే, ఆయన్ను "మీ అన్న పేరాయన" అనేది. అన్నను పిలవాలంటే "ఏంది, ఇన్నవా?" అని గోడకు చెప్పేది, అన్న గోడ తరఫున పలికేవాడు.

"అక్కా, పేరు పెట్టి పిలిస్తే మొగనికి ఆయుస్సు తక్కువైతదంట" అంది వదిన. ఆమె నవ్వడం లేదు. "అన్ని జేస్త. గదొక్కటి నాతోని గాదు."

"ఉసిరే లేకపోతే ఆయుస్సు ఎక్కడిదమ్మా?" అంది దవాఖానక్క. వదిన ఇంటికి వస్తూ దారంతా పెదవులు కదిలిస్తూ వచ్చింది. చప్పుడు మాత్రం బయటికి రాలేదు.

నాట్ల కాలం వచ్చింది. మేము క్యాంపు రాఘవయ్యగారి పొలంలో నాట్లకు వెళ్లాం, కాలువ గట్టుకు దగ్గరే. ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. గట్టు మీద నుంచి అన్న మమ్మల్ని చూసి కర్ర ఎత్తి ఊపాడు, తూము వైపు వెళ్లాడు. తుమ్మకొమ్మ ఏదో తలుపుకు అడ్డం పడిందట. దాన్ని లాగబోయాడు. మేము చూసింది అది కాదు. ఒడ్డున నిలబడిన రాఘవయ్యగారు ఉన్నట్టుండి తలగుడ్డ విసిరేసి, "ఓరి నాయనో, లస్కరు!" అని అరుస్తూ కాలువలోకి దూకడం చూశాం. నా చేతిలో నారు కట్ట అక్కడే పడిపోయింది. వదిన అప్పటికే బురదలో పరుగెత్తుతోంది.

మేము గట్టు ఎక్కేసరికి రాఘవయ్యగారు అన్నను లాక్కొచ్చి ఒడ్డున పడేశారు. ఖాకీ చొక్కా ఒంటికి అంటుకుపోయి, ముఖం బూడిద రంగులో ఉంది. "ఊపిరి ఆడట్లేదమ్మా" అన్నారాయన, రొప్పుతూ. "ఏదో నేర్చుకున్నారు గదా మీరు, చెయ్యండమ్మా, చూస్తారేంటి!" ఊరి వైపు నుంచి జనం వస్తున్నారు. ముందు మగ పెద్దలు, వాళ్ల వెనక రాళ్ల మీద గడగడమని సారె దొర్లించుకుంటూ సాయన్న, ఆయన వెనక నడుము పట్టుకుని మా అవ్వ.

వదిన ఒక్క క్షణం నిలబడిపోయింది. పెద్దల ఎదుట మొగుడి పక్కన కూర్చోవడానికే ఒప్పుకోని ఊరు మాది. తర్వాత ఆమె అన్నను బోర్లా తిప్పింది, తల పక్కకు పెట్టింది, నోట్లో వేలు పెట్టి బురద తీసింది, చీర ఎగదోసి ఆయన తొడల మీదుగా మోకాళ్లు వేసి కూర్చుంది. "చెన్నీ, లెక్క!" అంది.

నేను మొదలుపెట్టాను. "లాభమే... లాభం." ఆమె వంగింది, వదిలింది. సాయన్న సారె దింపి, "ఇట్ల తే, దీని మీద ఎయ్యి!" అన్నాడు. రాఘవయ్యగారు ఆయన్ను రెక్క పట్టుకుని ఆపారు. "ఆగవయ్యా! ఆ అమ్మాయిని చెయ్యనివ్వు." ఆ పని ఎంతసేపు సాగిందని ఎవరైనా అడిగితే ఈ లెక్కల మనిషి దగ్గర జవాబు లేదు. నేను రెండుకు రాలేదు. లాభం దగ్గరే ఆగిపోయి లాభమే లాభం, లాభమే లాభం అంటూనే ఉన్నాను. నా జీవితంలో లెక్క ముందుకు కదలనిది అప్పుడొక్కసారే. అన్న కదల్లేదు.

"కిందికి! ఇంకొంచెం కిందికి ఒత్తు!" జనం వెనక నుంచి అవ్వ గొంతు. "నేను జెప్తున్న గదనే, గాడ్నే ఒత్తు!" ఆ విషయంలో అవ్వకున్న అనుభవం ఎవరికీ లేదు. వదిన చేతులు నాలుగు వేళ్లు కిందికి జరిగాయి. అన్న నోట్లోంచి నీళ్లు కారాయి. అంతే, ఇంకేమీ లేదు. వదిన వంగినప్పుడు ఆమె జుట్టు ఊడి ఆయన వీపు మీద పడింది. ఆమె పెదవులు దారిలో కదిలినట్టే కదిలాయి. ఈసారి చప్పుడు వచ్చింది.

"తిమ్మప్పా!"

జనం మధ్య నుంచి గానుగ తిమ్మప్ప, "ఆఁ! ఈడ్నే ఉన్న వదినా!" అన్నాడు.

ఇప్పుడు చెబుతుంటే నవ్వు వస్తోంది గానీ అప్పుడు ఎవరూ నవ్వలేదు. వదినకు అది వినిపించనే లేదు. "తిమ్మప్పా! పొద్దుగాల రొట్టె తినకుంట పోయినవు! లెవ్వు! ఇంటున్నవా? తిమ్మప్పా!" ప్రతి ఒత్తుకూ ఒక పిలుపు. నా లాభం ఆమె పిలుపులో మునిగిపోయింది. ఎన్నో ఏళ్లుగా గోడలకు చెప్పిన పిలుపులన్నీ పేరుతో సహా ఆయన వీపు మీద దింపుతున్నట్టుంది. ఎన్నో పిలుపుకో చెప్పలేను, అన్న ఒళ్లు ఒక్కసారి ఎగిరింది. దగ్గు వచ్చింది. నీళ్లు, బురద, మళ్లీ దగ్గు, ఆ తర్వాత చంటిపిల్లవాడు ఏడ్చినట్టు ఒక పెద్ద ఊపిరి. రాఘవయ్యగారు నేల మీద కూలబడి, "అబ్బ! బతికాడ్రా!" అని గట్టిగా ఏడ్చేశారు. సాయన్న తన సారె మీదే కూర్చున్నాడు.

అన్న కళ్లు సగం తెరిచాడు. ఆయన మొదటి మాట, ఊరంతా విన్నది: "వీపు మీద ఎవరున్నరు? దిగమనున్రి." రెండో మాటకు కొంచెం బలం వచ్చింది. "నన్ను పేరు పెట్టి పిలిచిందెవరు?"

వదిన చటుక్కున దిగి, చీర సర్దుకుని, తల మీద కొంగు లాక్కుంది. ముఖం నిండా బురద, కన్నీళ్లు. కాలువ వైపు తిరిగి, గోడకు చెప్పినట్టే చెప్పింది: "నిన్ను గాదు. గానుగాయన్ను పిలిచిన."

అప్పుడు నవ్వారు. మునిగి లేచినవాణ్ణి మధ్యలో పెట్టుకుని, ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే, మగ పెద్దలతో సహా గట్టు మీద పడి పడి నవ్వారు. అవ్వ నడుము పట్టుకుని నవ్వుతూ, "అబద్ధం ఆడుతున్నది లంజముండ, నేను ఇన్న!" అని మురిసిపోతూ తిట్టింది. రాఘవయ్యగారు బండి కట్టించి అన్నను సింధనూరు దవాఖానాకు తీసుకెళ్లారు. కొన్నాళ్లు అక్కడ ఉంచుకుని పంపించారు.

అన్నను ఏది బతికించింది అన్న పంచాయితీ చాలా ఏళ్లు నడిచింది. దవాఖానక్క గాలి అంది, అదే నిజమని నాకు తెలుసు. రాఘవయ్యగారు తన ఈత అన్నారు, అందులోనూ నిజం ఉంది. తన సారె గడగడకు ప్రాణం ఉలిక్కిపడి వెనక్కి వచ్చిందని సాయన్న. చోటు చూపించింది తానేనని అవ్వ. గానుగ తిమ్మప్ప, తాను అడ్డం పలికినందుకు యముడు ఎవణ్ణి తీసుకుపోవాలో తెలియక వెళ్లిపోయాడని కల్లు దుకాణంలో చెప్పుకునేవాడు. అందరికీ తలా ఒక పాలు ఇచ్చి కూడితే ఒక మనిషి ప్రాణం కంటే ఎక్కువే అయ్యేది.

ఇప్పుడు మా పిల్లలు బడి నుంచి వచ్చి సంచులు గట్టు మీద పడేసి కాలువలో దూకుతారు. సింధనూరుకు బండి కట్టే పని లేదు, ఫోను చేస్తే జీపు వస్తుంది. వీపు మీద ఎక్కి ఒత్తే పద్ధతి ఇప్పుడు పనికిరాదట, బొమ్మ తెచ్చిన కుర్రవాళ్లు చెప్పారు. ఎద మీద ఒత్తడమే మంచిదట. వాళ్లు చదువుకున్నవాళ్లు, పరీక్షించి చూసినవాళ్లు, నేను ఒప్పుకున్నాను. మోకాళ్ల మీద కూర్చోలేనిదాన్నయినా బొమ్మ మీద రెండు చేతులూ పెట్టి నేర్చుకున్నాను కూడా. కోడళ్లు మొగుళ్లను వీధిలోంచి పేరు పెట్టి పిలుస్తున్నారు, ఎవరి కొంగూ నోటికి అడ్డం పోవడం లేదు. వాళ్లకు అది కూరలో ఉప్పు అడిగినంత మాట. మాకు ఆ ఒక్క మాటకు ఒక కాలువ కావలసి వచ్చింది.

పేరు పెట్టి పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందన్న లెక్క మాత్రం నేను వేసి చూశాను. ఆ రోజు తర్వాత వదిన మానలేదు. అవ్వ పోయేదాకా ఇంట్లో కొంచెం మెల్లగా, గట్టు మీద మాత్రం గొంతెత్తి పిలిచేది. ఆ పిలుపులన్నీ ఆయుష్షులోంచి తీసేస్తూ పోతే మా అన్న పుట్టకముందే పోయి ఉండాలి. ఆయన లస్కర్ పని చేసి, పింఛను తీసుకుని, మనవల పెళ్లిళ్లు చూసి, మంచం మీద నిద్రలో పోయాడు. బతికినన్నాళ్లూ మధ్యాహ్నం వదిన గట్టెక్కి, "తిమ్మప్పా! బువ్వకు రా!" అంటే, ఎంత దూరంలో ఉన్నా, ఏ తూము దగ్గర ఉన్నా, ఒక్క పిలుపుకే "ఆఁ! ఒస్తున్న!" అని పలికేవాడు. ఎందుకంత తొందర అని ఒకసారి అడిగాను. "రెండోసారి పిలిచిందంటే, వచ్చి వీపు మీద ఎక్కుతది" అన్నాడు.